‘దొమింగో’ ముందుమాట కాదు

బ్రెజిల్ పాట చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది 1967 దగ్గరికొచ్చి ఒక రికార్డును నాలుగు ముక్కల్లో దాటేస్తారు. కాయెతానో వెలోజో, గాల్ కోస్టా కలిసి పాడిన ‘దొమింగో’ అది. ఆదివారం అని అర్థం. ఫిలిప్స్ వాళ్ళు తెచ్చిన ఆ ఎల్పీలో 12 పాటలు, మొత్తం వింటే అరగంట పైచిలుకు. ఇద్దరికీ అదే తొలి ఆల్బమ్. దాని మీద చలామణిలో ఉన్న తీర్పు ఇలా ఉంటుంది:

అది బోసా నోవా గాయకుడు జువావ్ జిల్బెర్తోకి ఇద్దరు భక్తులు చేసిన అనుకరణ. సైన్యం అధికారం లాక్కుని మూడేళ్ళయిన దేశంలో వసారాల మీదా ఏటి ఒడ్ల మీదా మెత్తగా పాడుకున్న పాటలు. గాల్ అందులో ఇంకా గొంతు విప్పలేదు, కాయెతానో పక్కన తోడుగా నిలబడింది, అంతే. అదే ఏడాది అక్టోబరులో కాయెతానో ఎలక్ట్రిక్ గిటార్లు వెంటబెట్టుకుని ‘అలెగ్రియా, అలెగ్రియా’ పాడాడు. 1968లో త్రోపికాలియా ఉద్యమం పుట్టింది. అసలు కథ అక్కడ మొదలు. ‘దొమింగో’ దానికి ముందుమాట. వెనక అట్ట మీద తన దారి మారుతోందని కాయెతానోయే రాసుకున్నప్పుడు దాన్ని వెనకేసుకు రావాల్సిన పని ఎవరికుంది?

ఈ తీర్పు గాల్లోంచి పుట్టలేదు. జువావ్ ప్రభావం నిజం. 1959లో ‘షెగా జి సౌదాజి’ రేడియోలో విన్నప్పుడు బహియా రాష్ట్రంలో పెరుగుతున్న ఈ ఇద్దరి చెవులూ మారిపోయాయి. ఆ మాట వాళ్ళే చాలాసార్లు చెప్పారు. 1968లో వచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. ఆ డిసెంబరు 13న వచ్చిన ఐదో శాసనంతో సైనిక పాలన కోరలు చాచింది, రెండు వారాల్లో కాయెతానోనీ అతని తోటి గాయకుడు జిల్బెర్తో జిల్‌నీ జైల్లో పెట్టింది, తర్వాత లండన్‌కు వెళ్ళగొట్టింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. వీటినుంచి లాగిన తీర్పునే ఒప్పుకోను. ఒక్కొక్కటే చూద్దాం.

1. అనుకరణ అన్న మాట

అనుకరణ అన్నవాళ్ళు దేన్ని అనుకరించారో ముందు చెప్పాలి. జువావ్ జిల్బెర్తో తెచ్చిన కొత్తదనం గిటారు వాయించే పద్ధతిలోనూ, గొంతును దాని పక్కన నిలబెట్టే పద్ధతిలోనూ ఉంది. బొటనవేలు సాంబా పెద్ద డోలు దెబ్బను పట్టుకుని నడుస్తుంది. మిగతా వేళ్ళు ఆ దెబ్బకు అటూ ఇటూ తీగల్ని ఒక్కసారిగా లాగుతాయి. గొంతు ఈ రెంటికీ కట్టుబడకుండా ఒకసారి ముందు, ఒకసారి వెనక అడుగేస్తుంది. అతీత, అనాగత గ్రహాల గురించి విన్న మన శ్రోతకు ఆ నడకలోని కష్టం చెప్పకుండానే తెలుస్తుంది. ఇదంతా పాడే తీరు. ఇక పాటలు కట్టడానికొస్తే, జువావ్ సొంతంగా కట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన జోబిం పాటలు పాడాడు, దొరివాల్ కాయిమ్మి పాటలు పాడాడు, జనం మరిచిపోయిన పాత సాంబాలు పాడాడు.

‘దొమింగో’లో 12 పాటలుంటే 8 కాయెతానో రాసినవే, వాటిలో ఒకదానికి మాటలు తొర్క్వాతో నెతోవి. జువావ్ దగ్గర లేని పాటలు జువావ్‌కి నకలెలా అవుతాయి? తీరు ఆయనది, సరుకు వీళ్ళది. ఈ తేడా పట్టించుకోని విమర్శకు అనుకరణ అనే మాట వాడే అర్హత లేదు.

మొదటి పాట ‘కొరసావ్ వాగబుందో’ ఒక్కటి తీసుకోండి. రెండున్నర నిమిషాల పాట. తిరుగుబోతు గుండె ఒకటి, ఆశ చావని గుండె, ఏకంగా లోకాన్నంతా తనలో దాచుకోవాలని ఆరాటపడుతుంది. అంత పెద్ద కోరికను ఇద్దరూ పక్కన కూర్చున్న మనిషికి చెప్పేంత గొంతుతో పాడతారు. లోకం అన్న మాట దగ్గరకొచ్చినా గొంతు లేవదు. ఇదే పాటను ఆ కాలపు టీవీ వేదిక మీద చేతులు చాచి పాడి ఉంటే అది గొప్పలు చెప్పుకునే మనిషి పాటయ్యేది. గొంతు తగ్గించడం వల్లే అది సిగ్గరి మనిషి అత్యాశ పాటయింది. రాసినవాడికి పాట ఎలా పాడించుకోవాలో తెలుసు. శిష్యుడు గురువును వల్లెవేసినప్పుడు ఇలాంటి నిర్ణయాలు కనబడవు.

వాద్యాల అమరిక సంగతి చూసినా ఆరోపణ నిలవదు. దొరివాల్ కాయిమ్మి కొడుకు దోరి, ఫ్రాన్సిస్ హీమి, రొబెర్తో మెనెస్కాల్ ఆ పని పంచుకున్నారు. వీళ్ళలో మెనెస్కాల్ ఒక్కడే బోసా నోవా తొలి తరం మనిషి. మిగతా ఇద్దరూ తర్వాతి వాళ్ళు.

ఇంకో సంగతి. అనుకరించేవాడు నడుస్తున్న మోజును అనుకరిస్తాడు. 1966, 67లో బ్రెజిల్‌లో నడుస్తున్న మోజు ఏది? టీవీ పాటల పోటీల్లో హోరెత్తే పాటలు, ఎలిస్ రెజీనా నిండు గొంతు, ఇంకోపక్క రొబెర్తో కార్లోస్ ముందుండి నడిపిన జొవెం గ్వార్దా రాక్ పాటలు. జువావ్ దేశంలోనే లేడు, అమెరికాలో ఉంటున్నాడు. బోసా నోవా అంటేనే జాజ్‌కు నకలని తిన్యోరావ్ లాంటి విమర్శకులు కొట్టిపారేస్తున్న రోజులవి. అలాంటప్పుడు 1966లో ‘రెవిస్తా సివిలిజసావ్ బ్రజిలేయిరా’ పత్రిక జరిపిన చర్చలో కాయెతానో ఒక వాదం పెట్టాడు. బ్రెజిల్ పాట ముందుకు నడవాలంటే తెగిపోయిన పరిణామ రేఖను మళ్ళీ అందుకోవాలి, ఆ రేఖ చివరిసారి స్పష్టంగా కనిపించింది జువావ్ దగ్గర అన్నాడు. కొత్త సంగీత జ్ఞానంతో సాంబాను తిరిగి సృష్టించడం ఎలాగో జువావ్ చూపాడనేది ఆ వాదం సారం. అంటే ‘దొమింగో’లో వినబడే జువావ్ ఛాయ తెలిసి తెలిసి ఎంచుకున్న పక్షం. ఎంచుకున్నదాన్ని చేతకానితనంగా లెక్కగట్టడం అన్యాయం.

చివరికి జువావ్ ఏం చేశాడో చూడండి. 1973లో దాదాపు గిటారూ గొంతూ సోనీ కార్ తాళవాద్యమూ తప్ప ఇంకేమీ లేకుండా చేసిన రికార్డులో ‘అవరందాదో’ పాడాడు. అది కాయెతానో రాసి ‘దొమింగో’లో గాల్ చేత పాడించిన పాట. 2000లో వచ్చిన ‘జువావ్ వోజ్ ఇ వియొలావ్’లో ‘కొరసావ్ వాగబుందో’ పాడాడు. రెండో రికార్డుకు నిర్మాత కాయెతానోయే కదా అని ఎవరైనా అనొచ్చు. 1973 రికార్డు మాటేమిటి? దాన్లో కాయెతానో చేయి లేదు. పాటల ఎంపికలో ఎవరి మాటా వినడని పేరుపడ్డ మనిషి ఈ పాటను ఏరుకున్నాడు. తన నకలును తనే ఏరుకుని పాడుకునే గురువు ఉండడు.

2. మెత్తగా పాడితే పారిపోయినట్టేనా

రెండో అభియోగం రాజకీయమైనది, బరువైనది. నియంతృత్వంలో ఏటి గురించి పాడటం తప్పించుకోవడమే అంటుంది.

ముందు ఆ పాటలు దేని గురించో చదవాలి. ‘ఉం జియా’లో ఊరు వదిలి పోతున్నవాడు తన ప్రయాణాన్ని తిరిగి రావడానికి సన్నాహంగా చూసుకుంటాడు. 1966లో ఒక టీవీ పాటల పోటీలో ఉత్తమ సాహిత్యానికి బహుమతి పొందిన పాట అది. ‘కెం మి దేరా’ వీడ్కోలు పాట. ఎదు లోబో రాసిన ‘కాందేయాస్’ నిండా తిరిగి చేరాలన్న ఊరి తలపే. పుట్టినచోట ఒక ఏరు పారుతుందని చెప్పే పాట సాంతో అమారోది, కాయెతానో పుట్టిన చిన్న పట్నం, చెరకు తోటల సీమ. ఈ రికార్డులోని పాటలు చాలావరకు ఇల్లు వదిలినవాళ్ళ పాటలు. రాసినవాళ్ళూ అలాంటివాళ్ళే. 1965లో చెల్లెలు మరీయా బెతానియా ‘ఒపినియావ్’ నాటకంలో నారా లెయావ్ స్థానంలో పాడటానికి రియో వెళ్తే కాయెతానో ఆమెకు తోడుగా వెళ్ళాడు. సాల్వదోర్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసిన గాల్ కూడా దక్షిణానికి వచ్చింది. తొర్క్వాతో ఎక్కడో పియవీ రాష్ట్రం తెరెజీనా నుంచి వచ్చాడు. ఈశాన్య బ్రెజిల్ ఊళ్ళు ఖాళీ అయి రియోకీ సావ్ పావ్లోకీ జనం తరలిపోతున్న దశాబ్దాలవి. ఆ వలసను లోపలినుంచి, దాన్ని అనుభవిస్తున్న ఇరవై ఒకటి, ఇరవై నాలుగేళ్ళ వాళ్ళ గొంతుతో వినిపించే రికార్డుకు సమాజం పట్టలేదనడం ఏ లెక్కన?

పోనీ, ఆనాటి నిరసన పాటల్ని ఆదర్శంగా పెడదామా? వాటిమీద అత్యంత కఠినమైన విమర్శ 1968లో వామపక్ష సాహిత్య విమర్శకురాలు వల్నీసి నొగేరా గల్వావ్ నుంచే వచ్చింది. ఆ పాటలన్నీ రాబోయే ఒక మంచి రోజు మీద భారం వేసి, వినేవాణ్ణి ఏ పనీ చేయనక్కరలేకుండా ఊరడిస్తున్నాయని ఆమె వాదన. పాటలో ఈటెలు, మత్స్యకారులు, కరువు సీమలు ఉన్నంత మాత్రాన అది ఎదిరించినట్టు కాదు. ఊరడింపు గట్టి గొంతుతోనూ రాగలదు.

ఈ అభియోగంలో అసలు బొక్క ఇంకోచోట ఉంది. 1968 సెప్టెంబరులో సావ్ పావ్లోలోని తుకా నాటకశాలలో కాయెతానోను విద్యార్థులు గోల చేసి పాడనివ్వలేదు. ఎందుకు? వాళ్ళ దృష్టిలో అతని పాట దేశానికి పనికొచ్చే నిరసన కాదు. ఆ విద్యార్థులు పొరబడ్డారని త్రోపికాలియా చరిత్ర రాసే ప్రతివాడూ అంటాడు, నేనూ అంటాను. కానీ వాళ్ళు చేత పట్టుకున్న కొలబద్దే తీసుకుని ఏడాది ముందటి ‘దొమింగో’ను కొలిచి పక్కన పడేసేది కూడా ఆ చరిత్రకారులే. కొలబద్ద తప్పయితే రెండుచోట్లా తప్పే. ఒకచోట పారేసి ఇంకోచోట వాడుకోవడం కుదరదు.

దీని పర్యవసానం చిన్నది కాదు. గట్టిగా అరిచిందే ధైర్యం అని ఒప్పుకుంటే, లోగొంతుక పాట ఎంత లోతుదైనా కాలక్షేపం కింద జమ అవుతుంది. ఆ లెక్కన జువావ్ జిల్బెర్తో, నారా లెయావ్ సహా బ్రెజిల్ పాటలో సగం విలువైన పని చరిత్ర బయటికి పోతుంది.

3. గాల్ ఎవరికీ తోడు కాదు

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఈ మూడో మాట. ‘దొమింగో’ను కాయెతానో తొలి ఆల్బమ్ అని రాసి, పక్కన ‘గాల్ కోస్టాతో’ అని చేర్చేవాళ్ళు ముందు అట్ట చూడాలి. అక్కడ ముందున్న పేరు గాల్‌ది.

పాటల పంపకం చూడండి. ‘కాందేయాస్’, జిల్, తొర్క్వాతో కలిసి రాసిన ‘మిన్యా సెన్యోరా’, సిద్నీ మిల్లర్ రాసిన ‘మరీయా జువానా’, ఇవి కాయెతానోవి కావు. ఈ మూడూ గాల్ పాడింది. కాయెతానో తన పాటల్లోంచి ‘అవరందాదో’ను ఆమెకే ఇచ్చాడు. మొదటి పాటలోనూ చివరిదైన ‘జబెలే’లోనూ ఇద్దరి గొంతులూ ఉంటాయి. రికార్డు ఇద్దరితో తెరుచుకుంటుంది, ఇద్దరితోనే మూసుకుంటుంది. అతిథిని పిలిచి పాడించిన రికార్డులు ఇలా ఉండవు.

ఇక గొంతు విప్పలేదన్న మాట. 1968 నవంబరు పోటీలో ‘జివీనో, మరవిల్యోజో’ను కేక పెట్టి పాడిన గాలే అసలైన గాల్ అనీ, అంతకు ముందున్నది బెరుకు పిల్ల అనీ ఈ కథ నడుస్తుంది. మరి అదే 1968లో, త్రోపికాలియా ప్రకటనగా చెప్పుకునే రికార్డులోనే ఆమె పాడిన ‘బేబీ’ని ఏం చేస్తారు? రోజేరియో దుప్రాత్ అమర్చిన వాద్యాల మీద ఆమె గొంతు నింపాదిగా, వణుకు లేకుండా, నీళ్ళంత తేటగా సాగుతుంది. ‘అవరందాదో’ పాడిన గొంతే అది. ఆమెకు జనంలో పేరు తెచ్చిన పాటల్లో ‘బేబీ’ ముందు వరసది. కేక ఆమె కొత్తగా నేర్చుకున్న రెండో విద్య. మొదటిది 1967కే చేతిలో ఉంది, 2022లో చనిపోయేదాకా చేతిలోనే ఉంది.

‘అవరందాదో’ మళ్ళీ ఒకసారి వినండి. తెల్లవారక ముందటి వేళ పాట. గాల్ ఒక్క స్వరాన్నీ సాగదీసి చూపించుకోదు, ఏ మాట చివరా గమకంతో అలంకరించదు. సాహిత్యం ఏం చెబుతోందో దానికి మించి ఒక్క పిసరు కలపదు. 21 ఏళ్ళ గాయని చేతనైనదంతా చూపించాలని తహతహలాడే తొలి రికార్డులో ఇంత నిగ్రహం ఎంత అరుదో పాటలు వినేవాళ్ళెవరికైనా తెలుసు. బెరుకుకూ నిగ్రహానికీ తేడా వినబడనివాళ్ళు గాయకుల గురించి తీర్పులివ్వకూడదు.

4. అక్టోబరులో పుట్టిన కొత్త మనిషి

ముందుమాట అనే వాదానికి ఒక తెగతెంపుల కథ కావాలి. నిన్నటి మెతక మనిషి ఇవాళ తిరుగుబాటుదారు అయినట్టు. తేదీలు ఆ కథకు సహకరించవు. ‘దొమింగో’ వచ్చింది 1967లో. అర్జెంటీనా రాక్ బృందం బీట్ బాయ్స్‌తో కాయెతానో ‘అలెగ్రియా, అలెగ్రియా’ పాడి నాలుగో స్థానం తెచ్చుకుంది అదే ఏడాది అక్టోబరు టీవీ పాటల పోటీలో. ఇద్దరూ ఒకే మనిషి, ఒకే ఏడు, అవే ఆలోచనలు. ఆ ఏడాది జూలై 17న సావ్ పావ్లోలో ఎలక్ట్రిక్ గిటారుకు వ్యతిరేకంగా గాయకుల ఊరేగింపు జరిగితే జిల్ అందులో నడిచాడు. కాయెతానో నారా లెయావ్‌తో కలిసి హోటల్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు, వెళ్ళలేదు. మెత్తటి పాటల మనిషే గిటారుకు అడ్డు చెప్పనివాడు. ఊరేగింపులో నడిచిన జిల్లే మూడు నెలల్లో ఒస్ ముతాంతిస్ రాక్ బృందం గిటార్లతో వేదికెక్కాడు. దారులు ఇంత మెలికలు తిరిగాయి. వాటిని ఇటు చీకటి అటు వెలుగు అని రెండు ముక్కలు చేయడం చరిత్ర రాయడం కాదు.

జట్టు కూడా వేరు కాదు. ‘దొమింగో’లో మూడు పాటలకు మాటలు రాసిన తొర్క్వాతో 1968లో త్రోపికాలియా ప్రధాన కవుల్లో ఒకడు. కాయెతానో 1968లో ‘సౌదొజిజ్మో’ పాటను జువావ్‌కి నేరుగా నమస్కరిస్తూ రాశాడు, గాల్ దాన్ని పాడింది. త్రోపికాలియా నడుస్తుండగానే జరిగింది ఇది. తెంచుకున్నారంటున్న తాడు తెగనే లేదు.

ముందుమాట వాదం ఇంకో నష్టం చేస్తుంది. దోరి కాయిమ్మి, ఎదు లోబో, 1980లో 35 ఏళ్ళకే పోయిన సిద్నీ మిల్లర్, వీళ్ళు త్రోపికాలియా వైపు రాలేదు. ఆ అక్టోబరు పోటీలో జిల్‌నీ కాయెతానోనీ దాటి మొదటి బహుమతి గెలిచింది ఎదు లోబో పాటే. మరుసటి ఏడాదికి వేరు వేరు శిబిరాలుగా కనిపించినవాళ్ళు ‘దొమింగో’లో ఒక్కచోట పనిచేశారు. ఈ రికార్డును 1968 వైపు నుంచి మాత్రమే చూస్తే వీళ్ళ చేతిపని మాయమైపోతుంది. మిగిలేది గెలిచిన ఉద్యమం చెప్పుకునే కథ ఒక్కటే.

5. వెనక అట్ట

ఇక చివరి ఆయుధం. కాయెతానోయే దీన్ని వదిలేశాడంటారు. సాక్ష్యంగా వెనక అట్ట మీద ఆయన రాసిన మాటల్లోంచి ఒక్కటి చూపిస్తారు, తన స్ఫూర్తి ఇప్పుడు వేరే దారుల వైపు మొగ్గుతోందన్నది. ఆ మాట ఉంది, నిజమే. దానికి అటూ ఇటూ ఉన్నదాన్ని ఎవరూ చూపించరు.

దారి మారుతోంది కాబట్టే ఈ పాటల్ని పాడటం తనకు ఇష్టమైందని ఆయన అంటాడు. పాత కాలాల మీదా ఊళ్ళ మీదా బెంగతోనే బతకడం ఇక చాలదనీ, ఆ బెంగను రేపటి పనిలోకి కలుపుకోవాలనీ అంటాడు. కలుపుకోవాలన్నాడు, పారేయాలనలేదు. గాల్ గురించి రాసింది ఇంకా గట్టిది. అరుదైన గొప్ప సాంబా గాయకుల్లో మాత్రమే ఉండే గుణం ఆమెలో ఉందనీ, పాత చిన్న పాటల్ని తలుచుకున్నంత తేలిగ్గా ఆమె సమకాలీన అభిరుచిని ఢీకొట్టి సాంబాను భవిష్యత్తులోకి విసురుతుందనీ అతని మాట. గొంతు విప్పని తోడు గాయని గురించి ఎవరైనా ఇలా రాస్తారా?

తర్వాత, ఈ రికార్డు సరైన సమయంలో చేశానని నమ్ముతున్నాననీ, ఇందులో ఒక్క మాటకు గానీ ఒక్క స్వరానికి గానీ సిగ్గుపడననీ రాశాడు. ఇందులో అందమేదైనా ఉంటే అది ఎవరెవరి పుణ్యమో పేర్లు చెప్పాడు. గాల్, దోరి, ఫ్రాన్సిస్, ఎదు లోబో, మెనెస్కాల్, సిద్నీ మిల్లర్, జిల్, తొర్క్వాతో వరసగా వస్తారు. ఆ తర్వాత సాంతో అమారో మనుషులు, వాళ్ళలో తన తండ్రి, చివర్లో ఆ ఊరి దేవత పురిఫికసావ్ మాత. రికార్డు మీద సంతకం ఒక్కడిది కాదని 1967లోనే అచ్చులో చెప్పాడు. మొదటి పేరుగా గాల్‌ని రాశాడు. దారి మారిందన్న ముక్కను తుంచి తెచ్చి మనకు చూపించేవాళ్ళు ఈ జాబితానూ చదివి వినిపించాలి. అది చేయనంతకాలం కాయెతానో తన తొలి రికార్డును కాదన్నాడని చెప్పే హక్కు వాళ్ళకు లేదు.